నాలుగు కెథీడ్రళ్లు, ఒక పారిష్ చర్చి: శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ కొలువులపై చర్చ

విభాగం: పాశ్చాత్య సంగీతం / చర్చి సంగీతం, ఆర్గన్

#1 – పాతకాగితాలు

ఎస్.ఎస్. వెస్లీ గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే ఒక ముద్ర వేసేస్తారు: గొప్ప స్వరకర్త, మహా కోపిష్టి, ఎక్కడా కుదురుగా ఉండలేదు అని. కోపిష్టి అన్నమాట నిజమే, దాంట్లో వాదన లేదు. కానీ ఆయన రాసిన ఆంథమ్‌లు (ఆరాధనలో గాయక బృందం, అంటే క్వయర్, పాడే రచనలు) తీసుకుని, అవి పుట్టిన చోట ఆ ఏడాది ఎంతమంది గాయకులున్నారు, ఏ ఆర్గన్ ఉంది అని పక్కన పెట్టి చూస్తే ఆ సంగీతం ఎందుకు అలా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆ పని ఇక్కడ చేద్దామని ఈ దారం మొదలుపెడుతున్నాను.

ముందు వరస చెబుతాను. 1810 ఆగస్టు 14న లండన్‌లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ వెస్లీ, ఆ కాలపు పేరుమోసిన ఆర్గనిస్టు. తల్లి శారా సూటర్. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు, ఈ సంగతి కొడుకుని జీవితమంతా వెంటాడింది. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ సంగీతాన్ని ఇంగ్లండులో తలకెత్తుకుని ప్రచారం చేసినవాళ్లలో తండ్రి ముఖ్యుడు, సెబాస్టియన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. పిల్లవాడు చాపెల్ రాయల్ (రాజుగారి ప్రార్థనాలయం)లో విలియం హాస్ చేతికింద పాడాడు. గొంతు మారాక లండన్ చర్చిల్లో ఆర్గన్ వాయిస్తూ, నాటకశాలల్లో కూడా పనిచేశాడు.

తర్వాత కొలువులు: 1832లో హెరఫర్డ్ కెథీడ్రల్, 1835లో ఎక్సెటర్, 1842లో లీడ్స్ పారిష్ చర్చి, 1849లో వించెస్టర్, 1865లో గ్లాస్టర్. 1876 ఏప్రిల్ 19న గ్లాస్టర్‌లోనే పోయాడు.

44 ఏళ్లలో ఐదు చోట్లు. వించెస్టర్‌లో ఒక్కచోటే 16 ఏళ్లు ఉన్నాడని గమనించండి. "కుదురులేనివాడు" అన్న మాట అంత తేలిగ్గా నిలబడదు.

#2 – మెదక్_బేస్

మంచి దారం మాస్టారూ. ఇంటిపేరు చూసి చాలామంది అడిగే ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. అవును, అదే వెస్లీ కుటుంబం. కీర్తనకారుడు చార్ల్స్ వెస్లీకి ఈయన మనవడు, మెథడిస్టు ఉద్యమకర్త జాన్ వెస్లీకి తమ్ముడి మనవడు. మన మెదక్ కెథీడ్రల్ కట్టించిన పాస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు మిషన్ మనిషే, 1924 క్రిస్మస్ నాడు దాని ప్రతిష్ఠ జరిగింది. కాకపోతే సెబాస్టియన్‌కు మెథడిజంతో పనిలేదు. బతుకంతా ఆంగ్లికన్ కెథీడ్రల్ సంగీతమే.

అడగాల్సింది ఇంకొకటి. "బ్లెసెడ్ బీ ద గాడ్ అండ్ ఫాదర్" పిల్లలకీ, ఒకే ఒక్క బేస్ గొంతుకీ రాశాడనీ, ఆ బేస్ డీన్ (కెథీడ్రల్ పెద్ద) గారి బట్లర్ అనీ అంటారు. నిజమేనా, కట్టుకథా?

#3 – పాతకాగితాలు

ఆ ఈస్టర్ నాడు పిల్లలూ ఒక్క బేసూ మాత్రమే ఉన్నారన్నది గట్టి సమాచారమే. 1834 ఈస్టర్, హెరఫర్డ్. బట్లర్ సంగతి చెప్పుకుంటూ వచ్చిన మాట.

అసలు చూడాల్సింది మిగతా మగవాళ్లు ఎక్కడికి పోయారన్నది. హెరఫర్డ్‌లో మగ గొంతులన్నీ వికార్స్ కొరల్‌వి. వాళ్లు జీతగాళ్లు కారు, గురువులు. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లకు సొంత పారిష్‌లున్నాయి. ఈస్టర్ ఆదివారం ఏ గురువైనా తన పారిష్‌లో ఉండాల్సిందే కదా! కాబట్టి ఏడాదిలో పెద్ద పండగ నాడే కెథీడ్రల్‌లో పాడేవాళ్లు కరువు. ఇది ఎవరి బద్ధకమూ కాదు, అక్కడి ఏర్పాటే అంత.

ఇప్పుడు ఆ స్కోరు తెరిచి చూడండి. మధ్యభాగమంతా ట్రెబుల్ (పిల్లల పై గొంతు) సోలో, దానికి జవాబుగా మిగతా పిల్లలు. మగవాళ్లకు ఇచ్చిందేమో ఏకస్వరంగా, మాట్లాడినట్టు సాగే రెసిటేటివ్. ఒక్కడున్నా నడుస్తుంది, పదిమంది ఉన్నా నడుస్తుంది. నాలుగు గొంతుల్లో పూర్తిగా అచ్చయింది తర్వాత, 1853లో వచ్చిన "పన్నెండు ఆంథమ్‌ల" సంపుటంలో.

#4 – గాలిపెట్టె

హెరఫర్డ్ అంటే ఆర్గన్ గురించి చెప్పకుండా కుదరదు. 1832లో జె.సి. బిషప్ ఆ వాయిద్యాన్ని తిరిగి కట్టాడు. నవంబరులో దాన్ని మళ్లీ తెరిచినప్పుడు పాడించడానికి రాసిందే "ద విల్డర్‌నెస్", యెషయా 35వ అధ్యాయం మీద. అప్పటికి వెస్లీ వయసు 22.

దాంట్లో బేస్ సోలో ఉంటుంది, "తత్తరిల్లు హృదయులతో" అనే వచనానికి. దాని కింద పెడల్ (కాళ్లతో వాయించే మెట్లు) లైను ఆగకుండా అడుగులు వేస్తూ పోతుంది. ఇప్పుడు వింటే అందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ అప్పటి ఇంగ్లీషు ఆర్గన్లలో చాలావాటికి పెడళ్లు లేవు, ఉన్నా ఒకటి ఒకటిన్నర స్థాయే. వాటికి విడిగా పైపులు ఉండేవి కాదు, చేతి మెట్లను కిందికి లాగడమే వాటి పని. ఎడమచేయి వాయించే బేస్ స్వరాన్ని అక్కడక్కడా తొక్కి పట్టడానికి తప్ప పెడల్‌ను మూడో చేయిగా వాడేవాళ్లు అరుదు. బాఖ్ ఫ్యూగులు ఇంట్లో విని పెరిగినవాడు కాబట్టి ఈ కుర్రాడికి ఆ ఊహ వచ్చింది.

వాయించేవాళ్లకు: ఆ పెడల్ లైనును లెగాటోగా అతుక్కుని వాయిస్తే పెద్ద హాల్లో బురదగా వినిపిస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య చిన్న ఎడం ఇవ్వాలి. 16 అడుగుల స్టాప్ (ఒకే రకం పైపుల వరస, అడుగులు దాని పొడవైన పైపు కొలత) ఒక్కటే సరిపోదు, దానికి తోడు 8 అడుగులది కూడా కావాలి, లేకపోతే గాయకుడికి శ్రుతి అందదు. రీడ్ స్టాపులు (నాలుక కంపించి గట్టిగా మోగే పైపులు) మాత్రం వద్దు, బేస్ గాయకుడి గొంతును మింగేస్తాయి.

#5 – ఆల్టో_క్లెఫ్

ఆ "విల్డర్‌నెస్"నే తర్వాత చర్చి సంగీత రచనకిచ్చే గ్రెషమ్ బహుమతికి పంపాడు, రాలేదు. పరీక్షకుల్లో ఒకరైన ఆర్.జె.ఎస్. స్టీవెన్స్ తీర్పు ఏమంటే, తెలివైన రచనే గానీ ఇది కెథీడ్రల్ సంగీతం కాదు అని. ఆ రోజుల్లో కెథీడ్రల్ సంగీతమంటే పాత శైలిలో, మర్యాదగా, స్వరం ఎక్కడా గీత దాటకుండా ఉండాలి. ఈయనేమో నాటకశాలలో పనిచేసి వచ్చినవాడు, జర్మన్ స్వరకర్త శ్పోర్ సంగీతం విన్నవాడు. పరీక్షకుల చెవికి అది గుడిలోకి చెప్పులేసుకొచ్చినట్టు అనిపించి ఉంటుంది.

#6 – కొత్తగాచేరా

చదువుతున్నాను, బాగుంది. ఒక ప్రాథమిక సందేహం. కెథీడ్రల్ ఆర్గనిస్టు అంటే అక్కడి సంగీతానికి పెద్ద దిక్కు కదా? మరి ఎవరితో ఈ గొడవలు?

#7 – పాతకాగితాలు

అలా అనుకోవడం సహజం, కానీ అప్పుడు అలా లేదు. పైనుంచి చెబుతాను.

పైన డీన్. ఆయనతో కలిసి కూర్చునే కానన్లు, ఈ సభ పేరు చాప్టర్. డబ్బు, ఆస్తులు, నియామకాలు అన్నీ వీళ్ల చేతిలో. ఆరాధనలో ఏం పాడాలన్నది ప్రిసెంటర్ అనే గురువు హక్కు. ఆ కింద మైనర్ కానన్లు లేదా వికార్స్ కొరల్. ఆ తర్వాత లే క్లర్కులు, అంటే గురువులు కాని మగ గాయకులు. వాళ్లకిచ్చేది తక్కువ కాబట్టి ఊళ్లో ఇంకో పని చేసుకుంటూ బతికేవాళ్లు. చివరగా పిల్లలు. ఆర్గనిస్టుకు చాప్టర్‌లో కుర్చీ లేదు, ఓటు లేదు. గాయకుల నియామకం ఆయన చేతిలో లేదు. ఒక లే క్లర్కు గొంతు పోయినా బతికున్నంతకాలం ఆ చోటు అతనిదే. పాడలేని మనిషిని పెట్టుకుని పాడించాల్సింది మాత్రం ఆర్గనిస్టే.

దీనికి తోడు 1840 చట్టం. చాలా కెథీడ్రళ్లలో కానన్ల సంఖ్యను నాలుగుకు కుదించి, మిగిలిన ఆదాయాన్ని చర్చి కమిషనర్లకు మళ్లించారు. కొత్త పారిష్‌లకు ఆ డబ్బు అవసరమే. కానీ కెథీడ్రల్ సంగీతానికి ఏదో ఒక రోజు అందుతుందనుకున్న సొమ్ము అటు పోయింది. వెస్లీ కోపంలో సగం మనుషుల మీద, సగం ఈ లెక్క మీద.

1849లో ఆయన అచ్చువేసిన కరపత్రం (కెథీడ్రల్ సంగీతంపై కొన్ని మాటలు) చూడండి. తిట్లు పక్కన పెడితే అందులో ఒక గట్టి లెక్క ఉంది: మగ గాయకులు 12 మందికి తగ్గితే కెథీడ్రల్ క్వయర్ అనిపించుకోదు. ఎందుకు 12? క్వయర్ రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుంటుంది, దక్షిణం వైపు డెకనై, ఉత్తరం వైపు కాంటోరిస్. ఒక్కో వైపు ఆల్టో, టెనర్, బేస్ మూడు గొంతులు. ఒక్కో గొంతుకు ఇద్దరు. రెండు మూళ్లు ఆరు, రెండు వైపులా పన్నెండు. ఒకడికి జలుబు చేస్తే పక్కవాడు మోస్తాడు. గొంతుకు ఒక్కడే ఉంటే ఆ రోజు ఆ వరస ఖాళీ, నాలుగు గొంతుల సంగీతం మూడింటితో కుంటుతుంది. ఇది గొప్పలకు అడిగింది కాదు, కనీసపు అవసరం.

#8 – మెదక్_బేస్

పన్నెండుకి ఆ లెక్క చూస్తే మన దగ్గర ఏ క్వయరూ పాసవదు :)

#9 – ఆల్టో_క్లెఫ్

ఎక్సెటర్ ఏడేళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. హెరఫర్డ్ డీన్ మెరీవెదర్ చెల్లెలు మేరీ ఆన్‌ను పెళ్లాడింది 1835లో. డీన్ చెల్లెల్ని పెళ్లాడిన ఆర్గనిస్టు అదే డీన్ కింద పనిచేయడం ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. అదే ఏడాది ఎక్సెటర్ వెళ్లిపోయాడు. 1839లో ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు, దానికోసం ఎనిమిది గొంతుల ఆంథమ్. అదే ఊళ్లో పసికూతురు పోయింది. తర్వాత ఎప్పుడో తను పోయినప్పుడు గ్లాస్టర్‌లో కాక ఎక్సెటర్ పాత శ్మశానంలో ఆమె పక్కనే పూడ్చారు.

చాప్టర్‌తో అక్కడ పొసగలేదు. ఇక్కడ ఆయనను వెనకేసుకు రావక్కర్లేదు. పిల్లల మీద చేయి చేసుకున్నాడన్న ఫిర్యాదు చాప్టర్ దాకా పోయింది. #1లో చెప్పిన వాదన ఎంత బలమైనదైనా అందులో దీనికి చోటు లేదు.

#10 – పాతకాగితాలు

ఒప్పుకుంటాను. సంగీతానికి సంబంధించినంతవరకే నా వాదన.

లీడ్స్‌కు వద్దాం. కెథీడ్రల్ వదిలి పారిష్ చర్చికి వెళ్లడం పైకి చూస్తే దిగజారడమే. కానీ అక్కడి వికార్ (పారిష్ గురువు) వాల్టర్ ఫార్క్వర్ హుక్ 1841లో కొత్త చర్చి కట్టించి, జీతమిచ్చి క్వయర్‌ను పెట్టి, రోజూ పాటతో ఆరాధన నడిపించేవాడు. వెస్లీకి ఏడాదికి 200 పౌండ్లు, పదేళ్లకు హామీ. చాలా కెథీడ్రళ్లలో లేని పరిస్థితి ఇది: ఏం కావాలో తెలిసిన వికార్, హాజరయ్యే గాయకులు. ఫలితం "ఇ మేజర్ సర్వీస్" (రోజువారీ ఆరాధన పాఠాలకు కట్టిన సంగీతం). ఎక్సెటర్‌లో మొదలుపెట్టి లీడ్స్‌లో పూర్తిచేసి 1845లో అచ్చువేశాడు. డెకనై, కాంటోరిస్ రెండు వైపులనూ నిజంగా రెండు క్వయర్లుగా వాడిన రచన ఇది. ఒక్కో వైపు ఒక్కో మనిషి ఉన్నచోట దీన్ని ఎత్తుకోలేరు.

1843లో లీడ్స్ కోసమే కీర్తనల పుస్తకం కూడా అచ్చువేశాడు. దీని వెనక చిన్న సాంకేతిక గొడవ ఉంది. ఆల్టో_క్లెఫ్ గారు చెబితే బాగుంటుంది.

#11 – ఆల్టో_క్లెఫ్

చెబుతాను, ఇది రోజువారీ పనిలో సగం.

ఆంగ్లికన్ చాంట్ అంటే ఒక చిన్న స్వర చట్రం. సింగిల్ చాంట్‌కు 7 బార్లు, మొదటి సగం 3, రెండో సగం 4. డబుల్ చాంట్ అయితే 14. ప్రతి సగంలో మొదటి స్వరాన్ని "రిసైటింగ్ నోట్" అంటారు. వచనంలో ఎన్ని మాటలున్నా వాటిని ఆ ఒక్క స్వరం మీదే మామూలు మాట్లాడే లయలో చెప్పుకుంటూ పోయి, చివరి కొన్ని అక్షరాలను మాత్రం మిగతా స్వరాల మీద పంచాలి. ఏ అక్షరం దగ్గర స్వరం మారాలో గుర్తుపెట్టడమే "పాయింటింగ్".

పాయింటింగ్‌తో అచ్చయిన మొదటి కీర్తనల పుస్తకం 1837లో ఈలీ కెథీడ్రల్ ఆర్గనిస్టు రాబర్ట్ జేన్స్ వేశాడు. అంతకుముందు ఎవరి గుర్తులు వాళ్లవి, లేదా అలవాటే గతి. 20 మంది 20 చోట్ల స్వరం మారిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండు చర్చి ప్రార్థనా గ్రంథం 150 కీర్తనలను 30 రోజులకు, పొద్దున సాయంత్రం వంతుల్లో పంచింది. నెలలో 15వ తేదీ సాయంత్రం ఒక్క 78వ కీర్తనే, 73 వచనాలు. ఆ రోజు ఒకే చాంట్ పెడితే పాతిక వచనాలకే క్వయర్ శ్రుతి జారడం మొదలవుతుంది. విషయం మారినచోట చాంట్ మార్చాలి, మైనర్ నుంచి మేజర్‌కు వెళ్లేటప్పుడు ఆర్గనిస్టు ముందు వచనం చివరి స్వరంలోనే దారి చూపాలి. మధ్యమధ్యలో ఆర్గన్ ఆపేసి గొంతులనే వదలడం మామూలే. కానీ మళ్లీ కలిసేటప్పుడు వాళ్లు పావు స్వరం కిందికి జారి ఉంటే అందరికీ తెలిసిపోతుంది. అలాంటప్పుడు వచనం మధ్యలో కలవకూడదు. వచనాల మధ్య ఊపిరి తీసుకునే చోట మెత్తటి ఫ్లూట్ స్టాప్‌తో కలవాలి.

#12 – శ్రుతిపెట్టె

నాకు ఎప్పటినుంచో మింగుడుపడనిది ఈయన శ్రుతి పట్టుదల. లివర్‌పూల్ సెయింట్ జార్జెస్ హాల్ ఆర్గన్‌కు సలహాదారు వెస్లీయే. హెన్రీ విల్లిస్ కట్టాడు, 100 స్టాపులు, నాలుగు మాన్యువళ్లు (చేతి మెట్ల వరసలు). తిత్తులకు గాలి నేలమాళిగలోని ఆవిరి యంత్రాల నుంచి. 1855 మే 29న వెస్లీయే ప్రారంభ కచేరీ చేశాడు. అంత కొత్త వాయిద్యానికి పాత అసమాన శ్రుతి పెట్టించాడు! అక్కడి ఆర్గనిస్టు డబ్ల్యు.టి. బెస్ట్ 1867లో దాన్ని సమశ్రుతికి (స్థాయిలోని 12 మెట్ల మధ్య ఎడం సమానంగా ఉండే పద్ధతికి) మార్పించాడు.

లెక్క చూడండి. ఒక స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు. సమశ్రుతిలో ప్రతి మేజర్ థర్డ్ (సి నుంచి ఇ లాంటి దూరం) 400 సెంట్లు. శుద్ధమైనది 386. పాత అసమాన పద్ధతి అయిన పావు-కామా మీన్‌టోన్‌లో మంచి థర్డ్‌లు సరిగ్గా 386, వినడానికి తేనె. కానీ ఆ తీపికి వెల ఇంకోచోట కట్టాలి. డి-షార్ప్‌కూ ఇ-ఫ్లాట్‌కూ ఒకటే మెట్టు. దాన్ని ఇ-ఫ్లాట్‌గా కలిపితే, బి నుంచి డి-షార్ప్‌కు దూరం 427 సెంట్లు అవుతుంది. శుద్ధ థర్డ్ కంటే 41 సెంట్లు ఎక్కువ, దాదాపు పావు స్వరం.

బి మేజర్ కార్డు (కలిసి మోగే స్వరాలు) దేనికి డామినెంట్, అంటే దేని మూలస్వరానికి దారితీస్తుంది? ఇ మేజర్‌కు. "విల్డర్‌నెస్" ఏ స్కేలులో ఉంది? ఇ మేజర్. ఆయన సర్వీస్? ఇ మేజర్! "బ్లెసెడ్ బీ" ఇ-ఫ్లాట్‌లో ఉంది, దానికి ఎ-ఫ్లాట్ కార్డు కావాలి, అక్కడ కూడా అదే 427. తను రాసిన ప్రతి ముక్కనూ పాడుచేసే శ్రుతిని ఈ మనిషి ఎందుకు కోరుకున్నాడు?

#13 – గాలిపెట్టె

శ్రుతిపెట్టె గారూ, లెక్క సరే, ఒక సవరణ. 1800ల ఇంగ్లీషు ట్యూనర్లు కచ్చితమైన పావు-కామా వాడారని అనుకోనక్కర్లేదు. చెవితో సర్దుకుంటూ తీవ్రత తగ్గించిన పద్ధతులే ఎక్కువ. ఉదాహరణకు ఆరో-కామా తీసుకోండి. మంచి థర్డ్ 393 అవుతుంది, చెడ్డది 413కు దిగుతుంది. 413 అంటే కరుకే గానీ భరించగలిగే కరుకు. పైగా వాయించేవాడు ఆ కార్డు మీద నిలవకుండా దాటిపోతాడు, మిక్చర్ స్టాపులు మూసి ఉంచుతాడు. మిక్చర్లలో శుద్ధమైన పై స్వరాలుంటాయి కాబట్టి తప్పు థర్డ్ అక్కడ రెట్టింపై కొడుతుంది.

రెండోది, క్వయర్ ఆర్గన్ తోడు లేకుండా పాడినప్పుడు మంచి గాయకులు థర్డ్‌ను శుద్ధం వైపే దించుతారు. ఆ చెవికి అలవాటుపడినవాడికి 400 సెంట్ల థర్డ్ ఎప్పుడూ కాస్త పదునెక్కువ అనిపిస్తుంది. అన్ని కార్డులూ కాస్త కాస్త పాడయ్యేకంటే, ఎక్కువ వాడేవి బాగుండి కొన్ని బాగా చెడిపోవడం నయమని ఆయన పక్షం. నా మటుకు నేను బెస్ట్ పక్షమే. 100 స్టాపుల కచేరీ వాయిద్యం మీద ఆర్కెస్ట్రా సంగీతమంతా వాయించాలంటే ఏ కార్డుకూ భయపడే పని ఉండకూడదు.

వినాలనుకునేవాళ్లు హాప్ట్‌వెర్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో టెంపరమెంట్ (శ్రుతి పద్ధతి) మార్చి, 8 అడుగుల ప్రిన్సిపల్ ఒక్కటే తీసి, బి మేజర్ నుంచి ఇ మేజర్‌కు వాయించి చూడండి. పావు-కామాలో ఒకసారి, ఆరో-కామాలో ఒకసారి. తర్వాత మిక్చర్ కలపండి.

#14 – కొత్తగాచేరా

విన్నాను. పావు-కామా + మిక్చర్ = పళ్లు జివ్వుమన్నాయి.

#15 – గాలిపెట్టె

:) అదే లివర్‌పూల్ వాయిద్యంలో ఇంకో పాత అలవాటు కూడా ఉంది. మాన్యువళ్లు సి దగ్గర కాక అయిదు మెట్లు ఇంకా కిందికి, జీజీ దాకా పోయేవి. దీన్ని జీజీ కంపాస్ అంటారు. పెడళ్లు లేని రోజుల్లో ఎడమచేతికి లోతైన బేస్ దొరకాలని పెట్టుకున్న ఏర్పాటు. 8 అడుగుల స్టాప్‌లో ఆ జీజీ పైపు పొడవు సుమారు 10⅔ అడుగులు. ప్రతి స్టాప్‌కూ అలాంటి అయిదు పెద్ద పైపులంటే తగరం, సీసం, చోటు, గాలి అన్నీ ఎక్కువే. సరైన పెడల్ విభాగం ఉన్నప్పుడు అది దండగ ఖర్చు. 1898లో మార్చేశారు.

ఈ కంపాస్ కోసం రాసిన సంగీతాన్ని ఇప్పటి ఆర్గన్ మీద వాయించేటప్పుడు ఎడమచేతికి సి కింద స్వరాలు తగులుతాయి. చాలామంది వాటిని ఒక స్థాయి పైకి మార్చేస్తారు, అప్పుడు బేస్ వరస విరిగినట్టు ఉంటుంది. దానికంటే, పెడల్‌లో 16 అడుగుల స్టాప్ ఒక్కటే తీసి, కప్లర్లు (చేతి మెట్లను పెడల్‌కు కలిపే మీటలు) మూసి, జి పెడల్ తొక్కండి. వినిపించేది సరిగ్గా ఆ జీజీయే. పెడల్ అప్పటికే ఇంకో వరసలో ఉంటే మాత్రం పైకి మార్చక తప్పదు.

శ్రుతిలో, కంపాస్‌లో వెనక్కి చూసిన ఈయనే పెడల్ బోర్డు విషయంలో అందరికంటే ముందు చూశాడు. గుంటలా వంగి, విసనకర్రలా విచ్చుకునే పెడల్ బోర్డు విల్లిస్, వెస్లీ ఇద్దరి పేరు మీదే ఉంది. చదునైన బోర్డు మీద కొసల్లో ఉన్న పెడళ్లకు కాలు చాపితే నడుము తిరిగిపోతుంది, మడమ అందదు. విచ్చుకున్న బోర్డులో తొడ కదిలిన వంపునే పెడళ్లు వస్తాయి. అందుకే ఇంగ్లండు, అమెరికాల్లో అదే ప్రమాణమైంది.

#16 – పాతకాగితాలు

విల్లిస్ పేరు వచ్చింది కాబట్టి వించెస్టర్. విల్లిస్ 1851 మహా ప్రదర్శనలో 70 స్టాపుల ఆర్గన్ పెట్టాడు. వేళ్లతో వాయిస్తూనే బొటనవేలితో నొక్కి స్టాపులు మార్చే పిస్టన్లు దానికి ఉండేవి. వెస్లీ దాన్ని చూసి పట్టుబట్టి, కొంత తగ్గించి, 1854లో వించెస్టర్ కెథీడ్రల్‌కు తెప్పించాడు. చాప్టర్ చేత అంత డబ్బు పెట్టించగలిగాడంటే, మనుషులతో అస్సలు నెగ్గుకు రాలేనివాడు కాదన్నమాట.

వించెస్టర్ ఒప్పుకోవడానికి సొంత కారణం కూడా ఉంది. కొడుకుల చదువుకు అక్కడి కాలేజీ. 1850 నుంచి లండన్ రాయల్ అకాడమీలో ఆర్గన్ ప్రొఫెసర్. లండన్‌కు రైలుంది, దగ్గర్లో చేపలు పట్టడానికి మంచి ఏరు ఉంది. రెండూ కలిసి చాలా సాయంత్రాలు ఆర్గన్ బెంచి మీద శిష్యులే కూర్చునేవాళ్లు. ఆ కాలంలో డబ్బు కట్టి పని నేర్చుకునే శిష్యుల పద్ధతి ఉండేది. గురువు రాని రోజు ఆరాధన మోసేది వాళ్లే. అలా తేలినవాడే జార్జ్ గారెట్, తర్వాత కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీ ఆర్గనిస్టు.

చేపల వేట అంటే లీడ్స్ నాటి ప్రమాదం గుర్తొస్తుంది. 1847 డిసెంబరులో హెల్మ్స్‌లీ దగ్గర చేపల వేటకు వెళ్లి కాలు విరగ్గొట్టుకుని నెలల తరబడి అక్కడి సత్రంలోనే మంచాన పడ్డాడు. ఆ తర్వాత వచ్చిందే "కాస్ట్ మీ నాట్ అవే", 51వ కీర్తన మీద, ఆరు గొంతులకు. చివర్లో "నీవు విరిచిన ఎముకలు" అన్నచోట స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని గిలగిలలాడతాయి. ఆ వచనం ఎందుకు ఎంచుకున్నాడో వేరే చెప్పాలా.

#17 – మెదక్_బేస్

గ్లాస్టర్‌కు ఎలా వెళ్లాడన్న కథ నాకు ఇష్టం. 1865లో అక్కడి ఆర్గనిస్టు జాన్ ఏమట్ పోతే, కొత్తవాణ్ణి ఎంచడానికి వెస్లీని సలహా అడిగారు. ఆలోచించి, ఆ పని నేనే తీసుకుంటున్నానని చెప్పాడట. చెప్పుకునే కథే అయినా మనిషికి సరిపోయింది.

గ్లాస్టర్‌లో 1871 త్రీ క్వయర్స్ ఉత్సవంలో (మూడు కెథీడ్రళ్ల ఉమ్మడి సంగీతోత్సవం) బాఖ్ మత్తయి పాషన్‌ను (క్రీస్తు శ్రమల సంగీతం) నడిపించాడు, ఆ ఉత్సవంలో దానికి అదే మొదటిసారి. తండ్రి మొదలుపెట్టిన బాఖ్ పని కొడుకు చేతిమీదుగా అక్కడిదాకా వచ్చింది. 1873లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం సర్ బిరుదు కావాలా, ఏడాదికి 100 పౌండ్ల పింఛను కావాలా అని అడిగితే పింఛను అన్నాడు. ఐదుగురు కొడుకుల తండ్రి మరి.

మన చర్చిల్లో అందరికీ తెలిసిన ఆయన రాగం ఒక్కటే, "ఆరేలియా". 1864లో వేరే కీర్తనకు రాసింది. 1868లో "సంఘానికి ఏకైక పునాది" అన్న అర్థంతో సాగే స్టోన్ గారి కీర్తనకు తగిలించారు, అదే నిలిచింది. గాంట్లెట్ అనే సాటి సంగీతకారుడు దాన్ని చెత్త కింద కొట్టిపారేశాడు. నాకూ "విల్డర్‌నెస్" ముందు అది వెలవెలబోతుందనే అనిపిస్తుంది.

#18 – కొత్తగాచేరా

అసలు పనికొచ్చే ప్రశ్న. మాది 14 మంది క్వయర్. సోప్రానో 5, ఆల్టో 4, టెనర్ 2, బేస్ 3. పైపు ఆర్గన్ లేదు, మంచి డిజిటల్ ఉంది. వెస్లీలో ఏది ఎత్తుకోవచ్చు?

#19 – ఆల్టో_క్లెఫ్

"దౌ విల్ట్ కీప్ హిమ్" అందరూ సలహా ఇస్తారు, నాలుగైదు నిమిషాలే కదా అని. కానీ అది ఐదు గొంతులది, టెనర్ రెండుగా చీలుతుంది. ఇద్దరు టెనర్లు ఒక్కో వరసకు ఒక్కొక్కరు నిలబడలేకపోతే ముక్క కూలుతుంది. మీ ముగ్గురు బేస్‌లలో పైకి పోగలవాడుంటే రెండో టెనర్ వరస అతనికివ్వండి. అయినా మెల్లగా, చాలాసేపు తోడు లేనట్టే పాడాలి కాబట్టి శ్రుతి జారుతుంది. ముఖ్యంగా మొదటి వాక్యం చివర్లోకి తిరిగి వచ్చేటప్పుడు. రిహార్సల్‌లో ప్రతి పేజీ చివర ఆగి ఆర్గన్‌తో సరిచూసుకోండి.

మీ లెక్కకు సరిపోయేది "బ్లెసెడ్ బీ". మగవాళ్లు ఎక్కువగా ఏకస్వరంలో పాడతారు, ఐదుగురు కలిస్తే దండి. సోలోకు ఒక మంచి సోప్రానో, జవాబుకు మిగతా నలుగురు.

#20 – గాలిపెట్టె

దాంట్లో ఒక్కచోట జాగ్రత్త. గడ్డి ఎండిపోయింది, పువ్వు రాలిపోయింది అని మెల్లగా ముగిశాక ఆర్గన్ ఒంటరిగా ఒక్క కార్డు కొడుతుంది, బి-ఫ్లాట్ డామినెంట్ సెవెంత్, పూర్తి బలంతో. నిద్రపోతున్నవాడు కూడా లేస్తాడు. ఆ వెంటనే క్వయర్ "ప్రభువు వాక్యము" అని అందుకోవాలి.

ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. పిస్టన్ ముందే సెట్ చేయకపోతే మెత్తటి స్టాపులతోనే కార్డు పడి తుస్సుమంటుంది. దీనికోసం ఒక పిస్టన్ విడిగా ఉంచి, ఇంకేదీ దానిమీద పెట్టకండి. రెండోది, డిజిటల్ ఆర్గన్‌లో రివర్బ్ ఎక్కువ పెట్టుకుంటే కార్డు తోక క్వయర్ మొదటి మాటను తినేస్తుంది. మీ హాలుకు సొంత ప్రతిధ్వని ఎంతుందో చప్పట్లు కొట్టి చూసి రివర్బ్ తగ్గించండి. మూడోది, స్పీకర్లు వెనక గోడకు, క్వయర్ ముందు ఉంటే శబ్దం ఆలస్యంగా చేరుతుంది. 30 మీటర్ల దూరానికి దాదాపు 0.09 సెకను. నెమ్మది భాగంలో తెలియదు, చివరి వేగపు భాగంలో క్వయర్ ఆర్గన్‌ను వింటూ పాడితే అందరూ కలిసి వెనకబడతారు. వాళ్లు కండక్టర్ చేతిని చూసి పాడాలి, ఆర్గనిస్టు కూడా చేతినే చూసి వాయించాలి. మీ ఆర్గనిస్టు వీపు కండక్టర్ వైపు ఉంటే ఒక అద్దం పెట్టించండి, బండికి బిగించే సైడ్ మిర్రర్ చాలు.

#21 – కొత్తగాచేరా

మిర్రర్ రేపే బిగిస్తాం. మగవాళ్ల రెసిటేటివ్ కింద ఆర్గన్ ఎంత ఉండాలి?

#22 – ఆల్టో_క్లెఫ్

8 అడుగుల స్టాపులు రెండు, అంతే. కార్డు పట్టుకుని వదిలెయ్యండి, మాటల వెంట పరుగెత్తొద్దు. మాటలు మామూలుగా చదివే వేగంలో నడవాలి, ముందు ఐదుగురినీ స్వరం లేకుండా ఆ వచనం కలిసి చదివించండి. ఊపిరి అందరికీ ఒకచోట కుదిరాక స్వరం పెట్టండి.